పిక్సెల్ రంగులు, బైట్ల వరుస: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎరుపు వేస్తే నీలం వస్తోంది, ఫొటో తెరిస్తే మనుషుల ముఖాలు నీలంగా కనిపిస్తున్నాయి, నా కంప్యూటర్లో బాగానే ఉన్న బొమ్మ బోర్డు మీదికి వెళ్లేసరికి పాడవుతోంది. ఇలాంటి ప్రశ్నలు వరంగల్, హనుమకొండ, కరీంనగర్, జగిత్యాల వైపు నుంచి తరచూ వస్తుంటాయి. అడిగేవాళ్లలో చివరి ఏడాది ప్రాజెక్టుల్లో తలమునకలైన ఇంజినీరింగ్ విద్యార్థులు ఎక్కువ. ఫొటో స్టూడియోలకు చిన్న చిన్న సాఫ్ట్‌వేర్లు రాసిపెట్టేవాళ్లు, పండుగలకు ఎల్‌ఈడీ అలంకరణలు చేసేవాళ్లు కూడా ఉన్నారు. ఒకే రకం ప్రశ్నలను కలిపి ఇక్కడ జవాబులు రాశాను. అంకెలన్నీ మామూలు దశాంశ పద్ధతిలోనే ఇచ్చాను కాబట్టి ఎవరైనా కాగితం మీద సరిచూసుకోవచ్చు.

బైట్ల వరుస అంటే ఏమిటి? దానికీ రంగులకూ సంబంధం ఏమిటి?

తెర మీది ఒక్కో చుక్కకు, అంటే పిక్సెల్‌కు, మామూలుగా 32 బిట్లు కేటాయిస్తారు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పారదర్శకతను చెప్పే ఆల్ఫా, ఒక్కోదానికి 8 బిట్లు (ఒక బైటు). అంటే ఒక్కో విలువ 0 నుంచి 255 మధ్య ఉంటుంది.

తంగేడు పువ్వు పసుపును తీసుకుందాం. ఎరుపు 255, ఆకుపచ్చ 200, నీలం 30, పూర్తిగా కనిపించాలి కాబట్టి ఆల్ఫా 255. ఈ నాలుగింటినీ ఒకే 32 బిట్ల పూర్ణాంకంలో సర్దుతారు. చాలా సాఫ్ట్‌వేర్లలో ఆల్ఫా అన్నిటికన్నా పై స్థానంలో, తర్వాత ఎరుపు, ఆకుపచ్చ, అట్టడుగున నీలం ఉంటాయి. ఇంతవరకు ఏ ప్రాసెసర్‌కూ పేచీ లేదు.

మెమరీలో మాత్రం ఒక్కో చిరునామాలో ఒక్క బైటే పడుతుంది. కాబట్టి ఆ పూర్ణాంకాన్ని నాలుగు ముక్కలు చేసి పక్కపక్కన పెట్టాలి. ఏ ముక్క ముందు? అంకెను ఒకట్ల స్థానం నుంచి రాయడం మొదలుపెట్టినట్టు, అడుగు బైటును ముందు పెట్టేది లిటిల్ ఎండియన్ పద్ధతి. మనం కాగితం మీద రాసినట్టు పెద్ద స్థానాన్ని ముందు పెట్టేది బిగ్ ఎండియన్ పద్ధతి. మన తంగేడు పసుపు లిటిల్‌లో 30, 200, 255, 255 గా, బిగ్‌లో 255, 255, 200, 30 గా మెమరీలో కూర్చుంటుంది.

తాను రాసినదాన్ని తానే పూర్ణాంకంగా చదువుకుంటే ప్రాసెసర్‌కు ఎప్పుడూ సరైన విలువే వస్తుంది. ఒకరు పూర్ణాంకంగా రాసినదాన్ని ఇంకొకరు బైట్లుగా చదివినప్పుడే తేడా బయటపడుతుంది. ఆ ఇంకొకరు ఒక ఫైలు కావచ్చు, గ్రాఫిక్స్ కార్డు కావచ్చు, తెర కావచ్చు, వేరే లైబ్రరీ కావచ్చు.

ఏ ప్రాసెసర్ ఏ పద్ధతి వాడుతుంది?

ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లు లిటిల్. ఫోన్లలోని ఆర్మ్ రెండు విధాలా పనిచేయగలదు, కానీ ఆండ్రాయిడ్, ఐఫోన్, రాస్ప్‌బెర్రీ పై మీద నడిచే లినక్స్ అన్నీ దాన్ని లిటిల్‌గానే నడుపుతాయి. రిస్క్-ఫైవ్ కూడా మామూలుగా లిటిలే. ఐఐటీ మద్రాసు రూపొందించిన శక్తి, సీడాక్ రూపొందించిన వేగ ప్రాసెసర్లకు ఆధారం ఈ రిస్క్-ఫైవే.

బిగ్ పక్షంలో ఇప్పటికీ గట్టిగా నిలిచింది ఐబీఎం మెయిన్‌ఫ్రేములు. పాతవాటిలో మోటరోలా 68000, సన్ వారి స్పార్క్, పవర్‌పీసీతో వచ్చిన మ్యాక్‌లు, ప్లేస్టేషన్ 3, ఎక్స్‌బాక్స్ 360 ఉన్నాయి. యాపిల్ చరిత్ర ఈ విషయంలో చూడదగ్గది. 1994లో 68000 వంశం నుంచి పవర్‌పీసీకి మారినప్పుడు బైట్ల వరుస మారలేదు. 2006లో ఇంటెల్‌కు మారినప్పుడు తలకిందులైంది. 2020లో సొంత ఆర్మ్ చిప్పులకు మారినప్పుడు మళ్లీ ఏ మార్పూ లేదు. అందుకే 2006 నాటి మ్యాక్ ప్రోగ్రాముల్లో రంగుల కోసం రాసిన ప్రత్యేక కోడ్ ఇంకా అక్కడక్కడ కనిపిస్తుంటుంది.

ఇప్పుడు అందరి చేతిలో ఉన్నవీ లిటిల్ యంత్రాలే కదా. ఇంకా దీన్ని పట్టించుకోవడం ఎందుకు?

ప్రాసెసర్లు ఒక్కదారికి వచ్చాయి గాని ఫైళ్లు, తెరలు, నెట్‌వర్క్ నియమాలు రాలేదు. పీఎన్‌జీ ఫైలు లోపలి అంకెలు బిగ్. చిన్న టీఎఫ్‌టీ తెరలు పై బైటును ముందు అడుగుతాయి. ఒకే కంప్యూటర్లో రెండు లైబ్రరీలు ఒకే పేరును రెండు అర్థాల్లో వాడతాయి. నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో తప్పు ప్రాసెసర్ మధ్య తేడాది కావడం అరుదు. ఎక్కువసార్లు అది పేర్ల తికమకే. దాని గురించే కింద కాస్త విపులంగా రాశాను.

ఒకచోట ఆర్‌జీబీఏ, ఒకచోట బీజీఆర్ఏ, ఇంకొకచోట ఏఆర్‌జీబీ అని ఉంటుంది. ఏది నమ్మాలి?

పేరును నమ్మకండి. ఆ పేరు పెట్టినవాళ్లు దేని వరుస చెబుతున్నారో కనుక్కోండి. ఈ పేర్లలో ఆర్ అంటే ఎరుపు, జీ ఆకుపచ్చ, బీ నీలం, ఏ ఆల్ఫా. పిక్సెల్ పేర్లలో రెండు సంప్రదాయాలున్నాయి. మొదటిది మెమరీ వరుస: ఆర్‌జీబీఏ అంటే మొదటి చిరునామాలో ఎరుపు, తర్వాత ఆకుపచ్చ, నీలం, ఆల్ఫా, ఏ ప్రాసెసర్ అయినా సరే. రెండోది పూర్ణాంకంలోని స్థానాల వరుస: ఏఆర్‌జీబీ అంటే పై స్థానంలో ఆల్ఫా, అడుగున నీలం. మెమరీలో అవి ఎలా కూర్చుంటాయన్నది ప్రాసెసర్ ఇష్టం.

ఈ లెక్కన ఇంటెల్ మీద పూర్ణాంకపు ఏఆర్‌జీబీ, మెమరీ వరుస బీజీఆర్ఏ రెండూ ఒకటే. ఈ ఒక్క వాక్యం సరిగ్గా పట్టుబడితే సగం చిక్కులు విడిపోతాయి.

ఇప్పుడు ఎవరు ఏ పక్షమో చూడండి. బొమ్మలు గీసే లైబ్రరీ కైరోలోని ఏఆర్‌జీబీ32 పూర్ణాంకపు వరుస. కిటికీలు, బటన్లు తయారుచేసే లైబ్రరీ క్యూటీలోని ఏఆర్‌జీబీ32 కూడా అంతే. అదే క్యూటీలో ఆర్‌జీబీఏ8888 అన్న పేరు మాత్రం మెమరీ వరుసను చెబుతుంది. ఆటల్లో వాడే లైబ్రరీ ఎస్‌డీఎల్‌లో కూడా అచ్చం ఆర్‌జీబీఏ8888 అనే పేరే ఉంది, కానీ అక్కడ అది పూర్ణాంకపు వరుస! ఇంటెల్ మీద దాని బైట్లు ఆల్ఫా, నీలం, ఆకుపచ్చ, ఎరుపుగా పడతాయి. అంటే క్యూటీ బఫర్‌ను (పిక్సెళ్లు దాచిన మెమరీ భాగాన్ని) ఎస్‌డీఎల్‌కు ఇచ్చి, రెండుచోట్లా పేరు ఒకటే కదా అనుకుంటే నాలుగు బైట్లూ తిరగబడతాయి. ఎస్‌డీఎల్‌లో మెమరీ వరుస కావాలంటే ఆర్‌జీబీఏ32 అని అడగాలి. అది యంత్రాన్ని బట్టి తానే సరైన దానికి మారుతుంది.

గ్రాఫిక్స్ కార్డుతో పని చేయించే వల్కన్ ఈ విషయంలో అందరికన్నా నిజాయితీగా ఉంది. మామూలు పేర్లు మెమరీ వరుస, పూర్ణాంకంగా సర్దిన వాటి పేరు చివర ప్యాక్32 అని తోక ఉంటుంది. అదే పనికి వాడే ఓపెన్‌జీఎల్‌లో రంగుల వరుసను, డేటా రకాన్ని విడివిడిగా చెప్పాలి. ఆర్‌జీబీఏతో పాటు అన్‌సైన్డ్ బైట్ అంటే మెమరీ వరుస. అన్‌సైన్డ్ ఇంట్ 8_8_8_8 అంటే పూర్ణాంకం. లినక్స్ కెర్నెల్‌లో తెరను నడిపే డీఆర్‌ఎం ఇంకో దారి పట్టింది. అక్కడ ఎక్స్‌ఆర్‌జీబీ8888 పూర్ణాంకపు వరుసే, కానీ ఆ పూర్ణాంకం ఎప్పుడూ లిటిల్ పద్ధతిలోనే ఉంటుందని నియమం పెట్టేశారు. యంత్రం బిగ్ అయినా మినహాయింపు లేదు.

విండోస్ సంగతి చెప్పకుండా ఎలా? అక్కడ కలర్‌రెఫ్ అనే రకంలో ఎరుపు అట్టడుగు బైటులో ఉంటుంది, కాబట్టి మెమరీలో ఎరుపు ముందు. అదే విండోస్‌లో బిట్‌మ్యాప్ పిక్సెళ్లలో నీలం ముందు. ఒకే వ్యవస్థ, ఒకే యంత్రం, రెండు వరుసలు. బ్రష్ రంగు సరిగ్గా వచ్చి బొమ్మ రంగు తప్పు వస్తోందంటే ముందు ఇక్కడ చూడండి.

ఆండ్రాయిడ్‌లో పిక్సెళ్లను అంకెల వరుసగా తీసుకుంటే సరిగ్గా ఉన్నాయి, బఫర్‌లోకి కాపీ చేస్తే ఎరుపు నీలం తారుమారవుతున్నాయి. ఎందుకు?

ఆండ్రాయిడ్ బిట్‌మ్యాప్ రకం పేరు ఏఆర్‌జీబీ_8888. గెట్‌పిక్సెల్స్‌తో తీసుకుంటే పేరులో చెప్పినట్టే ఆల్ఫా పైన, నీలం అడుగున ఉన్న పూర్ణాంకాలు వస్తాయి. కాపీపిక్సెల్స్‌టుబఫర్‌తో తీసుకుంటే మాత్రం లోపల నిజంగా దాచిన బైట్లు వస్తాయి. అవి ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఆల్ఫా వరుసలో ఉంటాయి. పేరు చూసి రెండోదాన్ని కూడా మొదటిదానిలా చదివితే మీరు చెప్పిన తారుమారే జరుగుతుంది. ఫోను బాగానే ఉంది, మీ కోడూ దాదాపు బాగానే ఉంది. బఫర్‌ను ఆర్‌జీబీఏ బైట్లుగా చదవండి, చాలు.

ఓపెన్‌సీవీతో మిర్చి నాణ్యత పట్టే ప్రాజెక్టు చేస్తున్నాం. ఎర్ర మిర్చి తెర మీద నీలంగా కనిపిస్తోంది.

ఏనుమాముల మార్కెట్ మనకు దగ్గర్లోనే ఉండటం వల్ల కాబోలు, ఈ ప్రాజెక్టు ఏటా ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు. చపాటా మిర్చి ముదురు ఎరుపులో ఉంటుంది కాబట్టి తేడా వెంటనే కంట్లో పడుతుంది.

ఓపెన్‌సీవీ అనేది బొమ్మలను విశ్లేషించే లైబ్రరీ. అది బొమ్మను తెరిచినప్పుడు నీలం, ఆకుపచ్చ, ఎరుపు వరుసలో ఇస్తుంది. గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్, బొమ్మలు తెరిచే పిల్లో, చాలావరకు ముందే శిక్షణ పొందిన న్యూరల్ నెట్‌వర్కులు ఎరుపు ముందు ఉండాలనుకుంటాయి. దీనికి ప్రాసెసర్‌తో ఏ సంబంధమూ లేదు. ఒక్కో రంగు ఒక్కో బైటే, కాబట్టి ఇక్కడ ఎండియన్ ప్రశ్నే రాదు. బొమ్మ తెరిచిన వెంటనే ఒక్కసారి వరుస మార్చి, ఆ తర్వాత ప్రోగ్రామ్ అంతా ఒకే వరుసతో నడపండి.

తెర మీద నీలం మిర్చి కనిపించడం నిజానికి మంచిదే, తప్పు ఉందని తెలిసింది. నెట్‌వర్క్‌కు తారుమారు బొమ్మలు వెళితే అది ఏ హెచ్చరికా ఇవ్వదు. కాస్త తక్కువ ఖచ్చితత్వంతో పనిచేస్తూ పోతుంది. శిక్షణ ఒక వరుసలో, పరీక్ష ఇంకో వరుసలో జరిగితే తప్పు మోడల్‌దని అనుకుని వారాల తరబడి పొరల సంఖ్య మారుస్తూ కూర్చుంటారు. రంగు ఆధారంగానే గ్రేడు చెప్పే ప్రాజెక్టులో ఇంతకన్నా పెద్ద నష్టం ఉండదు.

ఈఎస్‌పీ32 బోర్డుకు చిన్న టీఎఫ్‌టీ తెర తగిలించాను. ఎరుపు అడిగితే నీలం, ఆకుపచ్చ అడిగితే ఎరుపు, నీలం అడిగితే ఆకుపచ్చ వస్తున్నాయి. తెర పాడైందా?

తెర బాగానే ఉంది, దుకాణానికి తిరిగి పంపకండి. మీరు చెప్పిన మూడు రంగుల క్రమమే జబ్బు ఏమిటో చెప్పేస్తోంది.

ఎస్‌టీ7735, ఐఎల్‌ఐ9341 వంటి చిప్పులున్న తెరలను సాధారణంగా 16 బిట్ల రంగుతో నడుపుతారు. ఎరుపుకు 5 బిట్లు, ఆకుపచ్చకు 6, నీలానికి 5. అందుకే దాన్ని 565 అంటారు. ఈ 16 బిట్లను తీగ మీద పంపేటప్పుడు తెర పై బైటును ముందు అడుగుతుంది. ఈఎస్‌పీ32 లిటిల్ కాబట్టి దాని మెమరీలో అడుగు బైటు ముందు ఉంటుంది. బఫర్‌ను ఉన్నది ఉన్నట్టు పంపితే ప్రతి పిక్సెల్‌లో రెండు బైట్లూ తిరగబడతాయి.

స్వచ్ఛమైన ఎరుపు బిట్లలో 11111000 00000000. తిరగబడితే 00000000 11111000. దీన్ని తెర 565 లెక్కన విడగొడితే 00000, 000111, 11000. అంటే ఎరుపు 0, ఆకుపచ్చ 7, నీలం 24. చూసేవాళ్లకు అది నీలం.

స్వచ్ఛమైన ఆకుపచ్చ 00000111 11100000. తిరగబడితే 11100000 00000111, విడగొడితే 11100, 000000, 00111. ఎరుపు 28, నీలం 7. కాస్త గులాబీ ఛాయ ఉన్న ఎరుపు.

స్వచ్ఛమైన నీలం 00000000 00011111. తిరగబడితే 00011111 00000000, విడగొడితే 00011, 111000, 00000. ఎరుపు 3, ఆకుపచ్చ 56. నికార్సయిన ఆకుపచ్చ.

మూడు రంగులూ ఒకదాని స్థానంలోకి ఒకటి గుండ్రంగా తిరిగితే అది బైట్ల తారుమారు. అలా కాకుండా ఎరుపు, నీలం మాత్రమే చోట్లు మార్చుకుని ఆకుపచ్చ క్షేమంగా ఉంటే అది వేరే జబ్బు. తెర గాజులోని ఉపపిక్సెళ్ల వరుస బీజీఆర్‌గా ఉంది, మీ డ్రైవర్ ఆర్‌జీబీ అనుకుంటోంది. దానికి తెరలోని మ్యాడ్‌సీటీఎల్ అనే రిజిస్టర్‌లో ఒక బిట్ మారిస్తే చాలు. మొదటి జబ్బుకు రెండో మందు వేస్తే రంగులు ఇంకా చిత్రంగా తయారవుతాయి గాని నయం కావు.

బైట్ల తారుమారుకు మందు లైబ్రరీలోనే ఉంటుంది. టీఎఫ్‌టీ_ఈఎస్‌పీఐలో సెట్‌స్వాప్‌బైట్స్ ఉంది. ఎల్‌వీజీఎల్ 8వ వెర్షన్‌లో 16 బిట్ల రంగును తిప్పే అమరిక ఉంది. ఈ రెండూ ఒకేసారి వేస్తే మళ్లీ మొదటికే వస్తుంది, ఒకటే వేయండి. ఒక్కో పిక్సెల్ గీసే ఫంక్షన్లు లోపలే తిప్పి పంపుతాయి. పెద్ద బఫర్‌ను నెట్టే ఫంక్షన్లు తిప్పకపోవచ్చు. గీతలు, అక్షరాలు సరిగ్గా వచ్చి ఫొటో మాత్రమే పాడవుతోందంటే కారణం అదే.

బతుకమ్మ అలంకరణకు ఎల్‌ఈడీ పట్టీ పెట్టాం. పసుపు వేస్తే చిలకపచ్చ వస్తోంది.

డబ్ల్యూఎస్2812 రకం పట్టీలు రంగులను ఆకుపచ్చ, ఎరుపు, నీలం వరుసలో అడుగుతాయి. మీరు 255, 200, 30 పంపితే పట్టీ దాన్ని ఆకుపచ్చ 255, ఎరుపు 200గా తీసుకుంటుంది. తంగేడు కాస్తా లేత ఆకు రంగులోకి వెళ్లిపోతుంది. లైబ్రరీలో పట్టీ రకం చెప్పేచోట జీఆర్‌బీ అని ఎంచుకోండి. బజారులో ఒకే పేరుతో దొరికే పట్టీల్లో వరుస వేరేగా ఉన్నవీ ఉంటాయి. అందుకని చెట్టంతా చుట్టకముందే ఒక్క మీటరు వెలిగించి ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూసుకోండి.

32 బిట్ల బొమ్మలో రంగులు పాడైతే, చూడగానే కారణం పట్టే మార్గం ఉందా?

ఉంది, బొమ్మను సరిగ్గా ఎంచుకుంటే. నేను చేర్యాల నకాషీ పటం ఫొటో ఒకటి వాడతాను. దాని నేపథ్యం ఎర్రగా ఉంటుంది కాబట్టి తప్పు దాక్కోవడానికి వీలుండదు.

నేపథ్యం నీలమై, ఆకుపచ్చ భాగాలు, తెల్లని భాగాలు మారకుండా ఉంటే ఎరుపు, నీలం మాత్రమే చోట్లు మారాయి. ఆర్‌జీబీఏ, బీజీఆర్ఏ తికమక ఇది. మన తంగేడు పసుపు దీని వల్ల 30, 200, 255గా మారి ఆకాశనీలం అవుతుంది.

బొమ్మ అంతటా నీలం ముసురుకుని, కొన్ని చోట్ల బొమ్మ మాయమైతే ఏఆర్‌జీబీ పూర్ణాంకంలోని నాలుగు బైట్లూ తిరగబడ్డాయి. ఆల్ఫా ఎప్పుడూ 255 కదా, అది నీలం స్థానంలోకి వచ్చి కూర్చుంటుంది. అసలు నీలం విలువ ఆల్ఫా అవుతుంది. తంగేడు పసుపులో నీలం 30 మాత్రమే కాబట్టి ఆ పువ్వు దాదాపు పారదర్శకమైపోతుంది. ఎరుపు, పసుపు వస్తువులే ముందు మాయమవుతాయి.

బొమ్మ అంతటా ఎరుపు ముసురుకుంటే వరుస ఒక్క బైటు పక్కకు జరిగి ఉండవచ్చు. ఏఆర్‌జీబీ బైట్లను ఆర్‌జీబీఏ అనుకుని చదివినప్పుడు ఆల్ఫా ఎరుపు స్థానంలోకి వస్తుంది.

బొమ్మ ఏటవాలుగా జారి, అంచుల్లో రంగుల చారలు కనిపిస్తే అది బైట్ల వరుస సమస్య కాదు. ఒక్కో అడ్డువరుస పొడవు తప్పుగా లెక్కగట్టారు. 24 బిట్ల బీఎంపీలో ప్రతి వరుస 4 బైట్ల గుణిజానికి పూరించి ఉంటుంది. ఆ పూరకం మరిచిపోతే ఇలా జారుతుంది.

తెలుపు, నలుపు, బూడిద రంగులతో పరీక్షించి అంతా బాగుందని చెప్పేవాళ్లు ఉన్నారు. మూడు విలువలూ సమానమైనచోట ఆ మూడింటి మధ్య ఏ తారుమారూ కనిపించదు. ఎరుపు 10, ఆకుపచ్చ 60, నీలం 150, ఆల్ఫా 220 లాంటి, నాలుగూ వేర్వేరుగా ఉన్న ఒక్క పిక్సెల్ చాలు. బఫర్ మొదటి నాలుగు బైట్లు అచ్చు వేయించి చూడండి. కంటి కన్నా ఆ నాలుగు అంకెలు నమ్మదగినవి.

రంగులు తారుమారైనప్పుడు ఎరుపు, నీలం మార్చే ఒక లైను రాస్తే పోతుంది కదా. ఇంత లోతు అవసరమా?

ఆ లైను వల్లే చాలా ప్రోగ్రాముల్లో సమస్య ముదురుతుంది. కారణం తెలియకుండా వేసిన మార్పు మీ యంత్రం మీద తప్పును కప్పిపెడుతుంది. తర్వాత ఎవరో లైబ్రరీ వెర్షన్ మారుస్తారు, అసలు తప్పు దానంతటదే సరవుతుంది, మీ లైను కొత్త తప్పుగా మారుతుంది. అప్పుడు ఇంకొకరు ఇంకో లైను రాస్తారు. ఒకే పిక్సెల్‌ను మూడుసార్లు తిప్పే ప్రోగ్రాములు నేను చూశాను. మూడూ తీసేసి ఒక్కటి సరైన చోట పెడితే ఫలితం అదే.

మార్చేముందు ఒక్క ప్రశ్నకు జవాబు రాసుకోండి: ఇక్కడికి వస్తున్న వరుస ఏది, అది మెమరీ వరుసా, పూర్ణాంకపు వరుసా? జవాబు రాయలేకపోతే ఆ లైను రాయకండి.

ఏ ప్రాసెసర్ మీదైనా సరిగ్గా నడిచేలా కోడ్ ఎలా రాయాలి?

పూర్ణాంకంలోంచి రంగులు తీయాలంటే షిఫ్ట్ వాడండి. ఏఆర్‌జీబీ పూర్ణాంకాన్ని 16 బిట్లు కుడికి జరిపి చివరి 8 బిట్లు తీసుకుంటే ఎరుపు వస్తుంది. షిఫ్ట్ విలువ మీద పనిచేస్తుంది, మెమరీ మీద కాదు. కాబట్టి ఇంటెల్ మీదా, మెయిన్‌ఫ్రేమ్ మీదా ఒకే జవాబు వస్తుంది. పూర్ణాంకం చిరునామాను తీసుకుని దాన్ని బైట్ల పట్టీగా చదవడం, యూనియన్‌లో పెట్టి రెండో వైపు నుంచి చూడటం వంటివి చేసిన క్షణమే మీ కోడ్ ప్రాసెసర్‌కు కట్టుబడిపోతుంది.

బైట్లలోంచి పూర్ణాంకం కట్టేటప్పుడూ ఇదే పద్ధతి. మొదటి బైటు, రెండో బైటు అని పేరు పెట్టి తీసుకుని, ఒక్కోదాన్ని దాని స్థానానికి జరిపి కలపండి. నేటి కంపైలర్లు ఆ నాలుగు షిఫ్టులను గుర్తుపట్టి, వీలైనచోట ఒకే సూచనగా మార్చేస్తాయి కాబట్టి వేగం పోతుందన్న బెంగ అక్కర్లేదు.

ప్రోగ్రామ్ లోపల ఒకే వరుస ఎంచుకోండి. ఫైలు తెరిచేచోట, తెరకు పంపేచోట మాత్రమే మార్పిడి జరగాలి. పైథాన్‌లో యంత్రపు వరుస తెలుసుకోవాలంటే సిస్ మాడ్యూల్‌లోని బైట్ఆర్డర్ చూడండి. నమ్‌పైలో డేటా రకానికి ముందు < గుర్తు పెడితే లిటిల్, > గుర్తు పెడితే బిగ్. గుర్తు పెట్టకపోతే యంత్రం ఇష్టం, అది ఫైలు చదివేటప్పుడు ప్రమాదం.

వెబ్‌పేజీ క్యాన్వాస్‌లో కూడా ఈ బెడద ఉందా?

బైట్లుగా వాడితే లేదు. ఇమేజ్‌డేటాలో వరుస ఎప్పుడూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఆల్ఫా. వేగం కోసం దాన్నే 32 బిట్ల పట్టీగా చూస్తే యంత్రపు వరుస అడ్డొస్తుంది. లిటిల్ యంత్రంలో ఎరుపు అట్టడుగున, ఆల్ఫా పైన ఉంటాయి.

ఏ ఫైలు రకంలో ఏ వరుస ఉంటుంది?

పీఎన్‌జీలో ఎరుపు ముందు, ఒకటి కన్నా ఎక్కువ బైట్లు ఉన్న ప్రతి అంకెలో పై బైటు ముందు. బీఎంపీ, టీజీఏ ఫైళ్లలో నీలం ముందు, అంకెలు లిటిల్. జిఫ్‌లో అంకెలు లిటిల్, రంగుల పట్టికలో మాత్రం ఎరుపు ముందు. టిఫ్ రెండు పద్ధతులనూ ఒప్పుకుంటుంది. ఫైలు మొదటి రెండు బైట్లు 73, 73 అయితే లిటిల్, 77, 77 అయితే బిగ్. ఆ వెంటనే వచ్చే 42 అనే అంకె సరిగ్గా చదవగలిగారా లేదా అన్నదే మీకు మొదటి పరీక్ష.

ఒక్కో రంగుకు 16 బిట్లున్న పీఎన్‌జీల దగ్గర జాగ్రత్త అవసరం. లిటిల్ యంత్రంలో ఆ రెండు బైట్లు తిప్పకపోతే రంగులు చోట్లు మారవు. నున్నటి ఆకాశం ఇసుక చల్లినట్టు అవుతుంది. లిబ్‌పీఎన్‌జీలో దీనికోసం పీఎన్‌జీ_సెట్_స్వాప్ అనే ఫంక్షన్ ఉంది.

మార్పిడి వల్ల ప్రోగ్రామ్ నెమ్మదిస్తుందా?

1920×1080 తెరకు ఒక్క ఫ్రేమ్ 82,94,400 బైట్లు. సెకనుకు 60 ఫ్రేములంటే దాదాపు 50 కోట్ల బైట్లు. పైథాన్ లూపులో ఒక్కో పిక్సెల్ తిప్పితే యంత్రం చతికిలబడుతుంది. నమ్‌పైతోనో, సీ భాషలోనో చేస్తే పెద్ద లెక్కలోకి రాదు.

నాలుగు బైట్లను ఒకేసారి తిప్పే సూచన ఇంటెల్‌లో 486 కాలం నుంచి ఉంది, ఆర్మ్‌లోనూ ఉంది. అది అన్నిటినీ తలకిందులు చేస్తుంది, ఎరుపు నీలాలను మాత్రమే మార్చదు. ఎరుపు, నీలం మాత్రమే మారాలంటే తిప్పిన తర్వాత మొత్తాన్ని 8 బిట్లు కుడివైపు చుట్టూ జరపాలి. ఏఆర్‌జీబీ ముందు బీజీఆర్ఏ అవుతుంది, జరిపాక ఏబీజీఆర్ అవుతుంది. గ్రాఫిక్స్ కార్డుకే పంపుతుంటే మీరు తిప్పకండి. టెక్స్చర్ స్విజిల్ (రంగుల వరుస మార్చే అమరిక) పెడితే కార్డు చదివేటప్పుడే సర్దుకుంటుంది.

ఒక కంప్యూటర్ తెరను నెట్‌వర్క్‌లో ఇంకొకదానికి పంపుతున్నాను. వరుస ఎలా చెప్పాలి?

ఒక కంప్యూటర్ తెరను ఇంకొకదానిలో చూపించే వీఎన్‌సీ చేసినట్టు చెప్పండి. దాని నియమాల్లో పిక్సెల్ వర్ణన అని 16 బైట్ల భాగం ఉంది. అందులో బిగ్ ఎండియన్ అవునా కాదా అనే గుర్తు, ఒక్కో రంగు గరిష్ఠ విలువ, ఒక్కో రంగు ఎన్ని బిట్లు జరిపితే వస్తుందన్న అంకె ఉంటాయి. లినక్స్, యూనిక్స్‌లలో తెర మీది కిటికీలను నడిపే ఎక్స్ విండో ఇంకా ముందే అడుగుతుంది. కనెక్షన్ తెరిచినప్పుడు పంపే మొదటి బైటు 66 అయితే బిగ్, 108 అయితే లిటిల్. సొంత నియమాలు రాసుకునే ఓపిక లేకపోతే పీఎన్‌జీగానో జేపెగ్‌గానో పంపండి, ఆ బాధ్యత అవే మోస్తాయి.

ఫోను కెమెరా ఫ్రేముల్లో ముఖాలు నీలంగా వస్తున్నాయి. ఇదీ అదేనా?

బంధువే గాని అది కాదు. కెమెరా వెలుగును, రెండు వర్ణ విలువలను విడివిడిగా ఇస్తుంది. ఎన్‌వీ21, ఎన్‌వీ12 అనే ఫ్రేమ్ రకాల మధ్య తేడా ఆ రెండు వర్ణ విలువల వరుస మాత్రమే. ఒకదాన్ని ఇంకొకటి అనుకుంటే వెలుగునీడలు చక్కగా ఉండి రంగులే తప్పుతాయి.

తెర మీద మెరిసిన ఎరుపు ఫ్లెక్సీలో వెలిసిపోయినట్టు వచ్చింది. బైట్ల వరుస తప్పా?

కాదు. తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, ప్రింటరు సిరాలతో. కొన్ని రంగులు సిరాకు అందవు. ఫైలు ఇచ్చేముందు ప్రింటింగ్ షాపువాళ్లను వాళ్ల సీఎంవైకే (సిరా రంగుల) ప్రొఫైల్ అడగండి.

బొమ్మ అంచుల చుట్టూ నల్లని గీత వస్తోంది.

ఇదీ వరుస కాదు. కైరో వంటివి రంగు విలువలను ముందే ఆల్ఫాతో గుణించి దాస్తాయి, పీఎన్‌జీ గుణించదు. ఒకదాన్ని ఇంకొకదానికి ఇచ్చేటప్పుడు ఆ గుణకారం చేయాలి లేదా తీసేయాలి.

బిగ్ ఎండియన్ యంత్రం నా దగ్గర లేదు. నా కోడ్ దాని మీద నడుస్తుందో లేదో ఎలా చూడాలి?

ల్యాప్‌టాప్ చాలు. డెబియన్ లేదా ఉబుంటులో ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ రకమైన ఎస్390ఎక్స్ కోసం కోడ్ తయారుచేసే జీసీసీ కంపైలర్ దొరుకుతుంది. దాంతో కంపైల్ చేసి, వేరే ప్రాసెసర్‌ను అనుకరించే క్యూఈఎంయూ యూజర్ మోడ్‌లో నడపండి. లైబ్రరీలన్నీ ప్రోగ్రామ్‌లోనే కలిసేలా స్టాటిక్‌గా కంపైల్ చేస్తే తలనొప్పి తక్కువ. నెమ్మదిగా నడుస్తుంది గాని బైట్ల వరుస అచ్చంగా బిగ్. పైన చెప్పిన 10, 60, 150, 220 పిక్సెల్‌ను ఏఆర్‌జీబీ పూర్ణాంకంగా రాసి నాలుగు బైట్లు అచ్చు వేయిస్తే ల్యాప్‌టాప్ మీద నేరుగా 150, 60, 10, 220 రావాలి, క్యూఈఎంయూలో 220, 10, 60, 150 రావాలి. ఆ తర్వాత మీ ప్రోగ్రామ్‌తో రెండుచోట్లా ఒక పీఎన్‌జీ తయారుచేసి, రెండింటినీ విప్పి పిక్సెళ్లను పోల్చండి. ఒక్క పిక్సెల్ తేడా వచ్చినా, పూర్ణాంకం చిరునామాను బైట్లుగా చదివిన చోటు ఎక్కడుందో కోడ్‌లో వెతకాలి.